పేరు పెట్టి అడిగే ప్రార్థన

పాపాయమ్మ దేవుడితో మాట్లాడేటప్పుడు అడ్రసు చెప్తుంది. ఊళ్ళో సంపూర్ణమ్మలు ఇద్దరున్నారు, రాజ్ కుమార్లయితే లెక్కే లేదు. పైవాడు ఎంత అన్నీ తెలిసినవాడైనా, పని ఒత్తిడిలో ఒకరికి ఇవ్వాల్సింది ఇంకొకరికి ఇచ్చేస్తాడేమోనని ఆవిడ భయం. అందుకని పేరు, ఇల్లు ఎక్కడ, గుమ్మం ఎటువైపు, కష్టం ఎప్పుడు మొదలైంది, ఇప్పటిదాకా ఏం మందులు వాడారు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పి అప్పుడు అడుగుతుంది. అవతలివాడు కాదనడానికి వీల్లేకుండా అడుగుతుంది.

భీమవరంలో ఆటో ఎక్కితే అరగంటలో వచ్చే ఊరు వాళ్ళది. చుట్టూ రొయ్యల చెరువులు, మధ్యలో కాలవ, కాలవ గట్టున లూథరన్ చర్చి, చర్చి వెనక పేట. ఆ పేటలో పాపాయమ్మకి ఆస్తిపాస్తులేమీ లేవు. ఆవిడ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తుంది, భర్త చిట్టియ్య చెరువుల దగ్గర కాపలా ఉంటాడు. అయినా ఏ ఇంట్లో ఏ కష్టం వచ్చినా ముందు పాపాయమ్మ చెవిన వేసి, ఆ తర్వాతే ఆస్పత్రికో పోలీస్ స్టేషనుకో వెళ్ళేవాళ్ళు. ఆవిడ విన్నదంతా శుక్రవారం ఉపవాస ప్రార్థనలో దేవుడికి చెప్పేది. ఇంకెవరికీ చెప్పేది కాదు. ఆ ప్రార్థనకి ఆవిడ ఇంటి వసారాలో చేరే పదిమంది ఆడవాళ్ళూ అలాంటివాళ్ళే. అక్కడ విన్నది అక్కడే వదిలేసి, చాప దులిపి మడతపెట్టి, ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. ఇది చిన్న విషయం అనుకునేవాళ్ళు ఒక్క వారం ప్రయత్నించి చూడొచ్చు.

పాపాయమ్మ ఒక్కగానొక్క కూతురు వినీల. డిగ్రీ చదివి, భీమవరంలో ఒక ఐస్ ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్ మీద బిల్లులు కొడుతుంది. కరోనా రోజుల్లో చర్చికి తాళం పడినప్పుడు, తల్లి అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకుంటూ పాత కీర్తన ఒకటి పాడుతుంటే వినీల సరదాగా ఫోనులో తీసి సంఘం గ్రూపులో పెట్టింది. ఆ గొంతు అలాంటిది. మెరుగులు లేవు, వాయిద్యం లేదు, ఎదురుగా కూర్చుని మనతోనే చెప్తున్నట్టుంటుంది. వీడియో ఊరు దాటింది, జిల్లా దాటింది. వినీల యూట్యూబ్ ఛానల్ తెరిచింది. ఆ వెనకాలే ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్, పట్టినంతమందిని పట్టించిన వాట్సాప్ గ్రూపులు వచ్చాయి. గుండ్రంగా వెలిగే రింగ్ లైటు ఒకటి, దాన్ని నిలబెట్టే స్టాండు ఒకటి కొన్నది. పొద్దున్నే తల్లి టీ కాచేది వీడియో తీసి పెట్టేది, షెడ్డుకి క్యారేజీ కట్టుకునేది పెట్టేది. పాపాయమ్మ గట్టిగా దగ్గితే అది కూడా పెట్టేస్తుందేమోనని చిట్టియ్య వేళాకోళం చేసేవాడు. ఆయనది ఇప్పటికీ బటన్ల ఫోనే.

వినీలకి గర్వంగా ఉండేది. ఉండదా మరి? రాజమండ్రి బస్టాండులో ఎవరో పట్టుచీర కట్టుకున్న ఆవిడ గబగబా వచ్చి, రొయ్యల నీటిలో నాని వేళ్ళ కొసలు తెల్లబడిపోయిన తల్లి చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ చేతులకి అంత మర్యాద జరగడం వినీల పుట్టాక చూడలేదు. సంఘం సెక్రటరీ విజయ్ పాల్ మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు, ఆదివారం ప్రకటనల్లో ఛానల్‌కి ఎంతమంది చేరారో చదివి వినిపించేవారు. లక్ష దగ్గర పడింది. భీమవరంలో జరిగే క్రైస్తవ మహాసభల్లో పాపాయమ్మని స్టేజీ మీద కూర్చోబెట్టి పాడిస్తామని కబురు కూడా వచ్చింది. పాపాయమ్మకీ ఇదంతా బాగానే ఉండేది, అబద్ధమెందుకు. కెమెరా ముందుకి వచ్చేముందు చీర కుచ్చిళ్ళు సవరించుకునేది. ఒక్క షరతు మాత్రం మొదట్లోనే పెట్టింది.

"పాట వరకూ తీసుకో అమ్మా. ప్రార్థన మాత్రం తియ్యొద్దు. అందులో అందరి ఇళ్ళూ ఉంటాయి."

వినీల ఆ మాట తప్పలేదు. శుక్రవారం మొదటి పాట లైవులో వెళ్ళేది. పాట అయిపోగానే లేచి ఫోను ఆపేసేది. ఆ తర్వాతే ప్రార్థన మొదలయ్యేది.

ఆ శుక్రవారం ఏమైందంటే, పాపాయమ్మ పాట చివరి చరణంలోనే కదిలిపోయింది. మామూలుగా పాట అయ్యాక మంచినీళ్ళు తాగి కాసేపు ఆగేది. ఈసారి ఆగకుండా, పాటలోంచి అలాగే ప్రార్థనలోకి వెళ్ళిపోయింది. తండ్రీ అని ఆవిడ నోట వినపడగానే వసారాలో ఉన్న కళ్ళన్నీ టక్కున మూతపడ్డాయి. వినీల కళ్ళు కూడా. చిన్నప్పుడు ప్రార్థనలో కళ్ళు తెరిచినందుకు తల్లి తొడపాశం పెట్టిన జ్ఞాపకం ఆ పిల్ల ఒంట్లో ఇంకా ఉంది. పాపాయమ్మ ప్రార్థన చేస్తుండగా ఆ ఇంట్లో కళ్ళు తెరిచే ధైర్యం ఎవరికీ లేదు. స్టాండు మీద ఫోనొక్కటే కళ్ళు తెరుచుకుని అందర్నీ చూస్తూ కూర్చుంది.

"మన సంపూర్ణమ్మ గురించి తండ్రీ," అంటోంది పాపాయమ్మ. "పంటబోదె పక్కన రేకుల ఇల్లు, గేదెలున్న సంపూర్ణమ్మ, రెండో ఆవిడ కాదు. దాని రొమ్ములో గడ్డ లేచిందయ్యా. మంగళవారం రాజమండ్రిలో ముక్క తీసి పరీక్షకి పంపుతారంట. మొగుడు లేని మనిషి, నీకు తెలియందేముంది. కూతురు ఆశాజ్యోతి కాకినాడలో నర్సు పరీక్షలు రాత్తంది. ఆ పిల్ల చెవిన ఈ మాట పడనివ్వొద్దు ప్రభువా. పరీక్షలు అయ్యేదాకా పడనివ్వొద్దు."

దేవుడి సంగతి తెలియదు గానీ, ఆశాజ్యోతి మాత్రం విన్నది. హాస్టల్లో ఉన్న పిల్ల, శుక్రవారం శుక్రవారం లైవు పెట్టుకుని ఊరి గొంతు వింటూ చదువుకుంటుంది. ఆ అమ్మాయితో పాటు, సంపూర్ణమ్మ ఎవరో తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు వందలమంది విన్నారు.

ఆమేన్ అన్నాక కళ్ళు తెరిచి, ఫోను వైపు చూసి, వినీల కొయ్యబారిపోయింది. తెర మీద చేతులు జోడించిన బొమ్మలు వర్షంలా పడుతున్నాయి. ఏ సంపూర్ణమ్మ అని ఒకరడిగితే, గేదెల సంపూర్ణమ్మ అని ఇంకొకరు జవాబిస్తున్నారు. ఆమె ఇంకా చెయ్యి చాపకముందే చాప మీద సంపూర్ణమ్మ సంచిలో ఫోను మోగింది. సంపూర్ణమ్మ తీసి, పేరు చూసి, నవ్వుముఖంతోనే ఎత్తింది. అటు నుంచి ఏడుపు వసారాలో అందరికీ వినపడింది. సంపూర్ణమ్మ వినీల వైపు చూసింది, స్టాండు వైపు చూసింది. కొంగు తలమీదికి లాక్కుని, ఫోను చెవి దగ్గర పెట్టుకునే మెట్లు దిగి వెళ్ళిపోయింది.

వినీల వీడియో తీసేసింది. తీసేస్తే పోతుందా? అప్పటికే ఎవరో మహానుభావుడు ఆ ముక్క కత్తిరించి, వెనకాల ఏడుపు వయొలిన్ పెట్టి, తల్లి కన్నీటి ప్రార్థన అని పేరు పెట్టి ఊరేగించేశాడు. మర్నాడు పొద్దున్నే ఆశాజ్యోతి రాయాల్సిన పరీక్ష రాయకుండా మొదటి బస్సుకి వచ్చి వాకిట్లో దిగింది. ఏది జరగకూడదని సంపూర్ణమ్మ రొమ్ములో గడ్డకి తోడు గుండెలో ఈ రహస్యం కూడా పెట్టుకుని తిరిగిందో అదే జరిగింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ పొద్దున వినీల నిద్రలేవగానే ఛానల్ తెరిచి చూసుకుంది. ఒక్క రోజులో చాలామంది చేరారు. అది చూసి ఒక్క క్షణం మనసు ఎగిరింది. మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసి ఫోను మంచం మీదికి విసిరేసింది.

విజయ్ పాల్ మాస్టారికి మాత్రం అసహ్యమేమీ వేయలేదు. ఆయన చెడ్డవాడు కాదు, సంఘానికి పేరు రావాలని తాపత్రయపడే మనిషి. జరిగింది జరిగిపోయిందనీ, దేవుడు దీన్ని కూడా వాడుకుంటాడనీ, సంపూర్ణమ్మ చేత దేవుడి మేలు గురించి నాలుగు ముక్కలు సాక్ష్యం చెప్పించి పెడితే లక్ష దాటేస్తామనీ వినీలకి ఫోన్ చేసి చెప్పారు. ఆఫీసుకి టైమైందని చెప్పి వినీల ఫోను పెట్టేసింది.

తర్వాతి శుక్రవారం ఆడవాళ్ళు వచ్చారు. సంపూర్ణమ్మ రాలేదు. వినీల లైవు పెట్టలేదు, స్టాండు లోపల గదిలో తలుపు వెనక దాచేసింది. పాపాయమ్మ ఎప్పటిలాగే ప్రార్థన అవసరతలు, అంటే ఎవరి కష్టం ఏమిటో, చెప్పమంది. అందరూ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"అందరం బాగానే ఉన్నామండి," అంది తలుపులమ్మ.

తలుపులమ్మ పెనిమిటి తాగొచ్చి గిన్నెలు విసురుతుంటే ఆ చప్పుడు పేటంతా వింటూనే ఉంది. వీరమ్మ మోకాళ్ళు వంగక గోడ పట్టుకుని చాప మీద కూర్చుంది. వీరమ్మ కూడా బాగానే ఉన్నానంది. ఇక పాపాయమ్మ దేనికోసం ప్రార్థించాలి? దేశాన్ని ఏలేవాళ్ళ కోసం ప్రార్థించింది, వానల కోసం ప్రార్థించింది, లోకంలో ఉన్న రోగులందరి కోసం ప్రార్థించింది. ఒక్క పేరు లేదు, ఒక్క గుమ్మం లేదు. ఎప్పుడూ గంట దాటే ప్రార్థన చటుక్కున అయిపోయింది. ఆడవాళ్ళు చాప దులపకుండానే లేచి వెళ్ళిపోయారు. దులపడానికి అక్కడ వాళ్ళేం వదల్లేదు మరి.

ఆ పై శుక్రవారమూ అంతే. వినీల ఫోను స్విచ్ ఆఫ్ చేసి అందరికీ చూపించింది. వాళ్ళు మర్యాదగా తలూపారు. అయినా మాట్లాడేటప్పుడు వాళ్ళ కళ్ళు తలుపు వైపు, కిటికీ వైపు, వినీల చేతుల వైపు తిరుగుతూనే ఉన్నాయి.

పాపాయమ్మ కూతుర్ని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండునని వినీలకి ఉండేది. పొద్దున్నే క్యారేజీ కట్టుకుని షెడ్డుకి వెళ్ళేది, వచ్చేది, వండేది, తినేది. పాట పాడడం మానేసింది. ఒక ఆదివారం మధ్యాహ్నం చేపల పులుసు వడ్డిస్తూ వినీలే ఉండబట్టలేక అడిగింది. ఇక శుక్రవారం ఏదీ తీయనని, ఆదివారం పాటలు మాత్రమే పెడతానని, అప్పుడు సరిపోతుందా అని అడిగింది. పాపాయమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి కూతురి ఎదురుగా కూర్చుంది.

"నా పాట నచ్చిందని ఎవరెవరో చేతులు పట్టుకున్నారు. నాకూ సంతోషమే అమ్మా, కాదనను. కానీ నేను పాటకి పుట్టిన మనిషిని కాదు. పేటలో ఆడది రాత్రంతా ఏడిచి, పొద్దున్నే ముఖం కడుక్కుని, పాపాయమ్మతో చెప్పుకుందాంలే అనుకునేది. ఇప్పుడు ఎవరితో చెప్పుకుంటన్నారో మరి."

ఆవిడ లేచి కంచం తీసి గిన్నెలు సర్దింది. తల్లికి ఏదో పెద్ద ఆస్తి కూడబెట్టి ఇచ్చానని వినీల ఇన్నాళ్ళూ మురిసిపోయింది. తల్లికి ముందునుంచీ ఉన్న ఆస్తిని తనే పోగొట్టానని ఇప్పుడు తెలిసింది.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి సంపూర్ణమ్మ ఇంటికి వెళ్ళింది. గేదెలకి కుడితి పెడుతోంది సంపూర్ణమ్మ. చేతికి ఆస్పత్రిలో సూది గుచ్చిన నల్లమచ్చ ఇంకా ఉంది. ఆశాజ్యోతి అరుగు మీద పుస్తకం పెట్టుకుని కూర్చుని, వినీలని చూడగానే తల దించుకుంది. వినీల వాకిట్లోనే నిలబడి, తప్పైపోయింది అత్తా అంది. ఎలా జరిగిందో చెప్పబోయింది. సంపూర్ణమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"కావాలని చేశావని నేననలేదు. మా పాపాయమ్మొదిన కూతురివి, నిన్ను ఎత్తుకు తిప్పాను. కానీ వినీలా, నా కూతురికి ఆ మాట నేను చెప్పుకోవాలి. దగ్గర కూర్చోబెట్టుకుని, తల నిమిరి, ఇదిగో ఇలాగయ్యిందమ్మా అని నా నోటితో చెప్పుకోవాలి. నేను దాచుకున్నాను అనుకో. అది నాదే, ఎప్పుడు విప్పుకోవాలో నాకు తెలుసు. అది లేకుండా అయిపోయింది."

ఆశాజ్యోతి పుస్తకం మూసింది. ఏడవలేదు. పరీక్ష మళ్ళీ రాసుకోవచ్చని, అమ్మ మీద కోపం తెచ్చుకోవడానికి కూడా తనకి వీలు లేకుండా పోయిందని మాత్రం అంది. అప్పటికే ఎవరెవరో ఫోన్లు చేసి అమ్మని ఓదార్చమని తనకి చెప్పేశారట. వినీల వంగి, కుడితి తొట్టి అటు పక్క చెవి పట్టుకుని సంపూర్ణమ్మకి సాయం పట్టింది. వెళ్ళేటప్పుడు సంపూర్ణమ్మ పాలు పోసి ఇచ్చింది గానీ, శుక్రవారం వస్తానని అనలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం వినీల ఇంటికొచ్చి అన్నం తిని, అరుగు మీద కూర్చుని పని మొదలుపెట్టింది. ముందు తల్లి పాటలన్నీ ఒక పెన్ డ్రైవులోకి దింపుకుంది. తర్వాత ఒక్కొక్కటే మూసేసింది. యూట్యూబ్ వాడు అంత తేలిగ్గా వదలడు. నిజంగానా అంటాడు, ఇవన్నీ పోతాయి తెలుసా అంటాడు, పాస్‌వర్డ్ కొట్టమంటాడు, మళ్ళీ నిజంగానా అంటాడు. పెళ్ళి వద్దన్న పిల్లని బంధువులు వరసగా వచ్చి అడిగినట్టు అడుగుతాడు. చివరి బటన్ దగ్గర వినీల వేలు ఆగింది. అందులో బియ్యం ఏరుకుంటూ పాడిన తల్లి ఉంది. రాజమండ్రి బస్టాండు ఉంది. మహాసభల స్టేజీ ఉంది. ఐస్ ఫ్యాక్టరీలో అందరూ తనని పాపాయమ్మగారి అమ్మాయని పిలిచే పిలుపు ఉంది. నొక్కేసింది. ఆ ఊపులోనే ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్, గ్రూపులు, తన సొంత ఖాతాలు కూడా తీసిపారేసింది. ఆఫీసు పనికి వాట్సాప్ ఒక్కటి ఉంచుకుంది, దాంట్లో స్టేటస్ పెట్టడం మానేసింది. పెరట్లో చిట్టియ్య వల కుట్టుకుంటుంటే వెళ్ళి చెప్పింది. ఆయన సూది ఆపకుండా విని, ఛార్జింగు రెండ్రోజులు వస్తుందిలే ఇకనుంచి అన్నాడు.

ఆదివారం చర్చిలో పెద్ద గొడవే అయింది. ఛానల్ సంఘం ఆస్తి అన్నారు విజయ్ పాల్ మాస్టారు. కమిటీని అడక్కుండా తీసేసే హక్కు ఎవరిచ్చారన్నారు. లక్షమంది ఆత్మల సంగతి ఏంటన్నారు. మహాసభల వాళ్ళు కూడా ఛానల్ లేకపోతే పోస్టరు మీద ఏం వేయాలో తెలియక, వచ్చే ఏడాది చూద్దామని ఆ పొద్దున్నే మర్యాదగా తప్పుకున్నారన్నారు. వినీల లేచి నిలబడింది.

"ఛానల్ సంఘానిది అయితే అవ్వచ్చు మాస్టారండీ. అందులో వినపడింది సంపూర్ణమ్మత్తది. అది ఇచ్చే హక్కు నాకూ లేదు, కమిటీకీ లేదు. మళ్ళీ తెరవమంటే తెరవను."

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని కూర్చున్నారు. ఆడవాళ్ళ వైపు తలలన్నీ వంగి ఉన్నాయి. పాపాయమ్మ మాత్రం కూతుర్ని తలెత్తి చూసింది. ఆ చూపులో ఏముందో వినీలకి ఇంటికి వెళ్ళాక తెలిసింది. చాలా రోజుల తర్వాత తల్లి చింతచిగురు వేసి రొయ్యలు వండుతూ, లోపల్లోపల ఏదో కూనిరాగం తీసుకుంటోంది.

పై నెలలో కోత పండగ వచ్చింది. ఆ రోజు సంఘంలో ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి కానుకగా పెడతారు. ఆరాధన అయ్యాక చర్చి వాకిట్లో వాటిని వేలం వేస్తారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్ళు, కొబ్బరికాయలు, బస్తాల బియ్యం వస్తాయి. ఒకరు పాడుకున్న సొరకాయని మళ్ళీ కానుకగా ఇచ్చేస్తే, అదే సొరకాయ రెండోసారి ఇంకా ఎక్కువకి పోతుంది. వేలంపాట పాడించేది ఎప్పుడూ విజయ్ పాల్ మాస్టారే. మైకు పట్టుకుంటే ఆయనకి పదేళ్ళు తగ్గిపోతాయి.

చిట్టియ్య ఆ పొద్దున ఒక భుజం మీద అరటిగెల, రెండో భుజం మీద స్టాండు వేసుకుని వచ్చాడు. వినీల రింగ్ లైటుని పాత తువ్వాలులో చుట్టి తెచ్చింది. గుమ్మడికాయల పక్కన వాటిని పెట్టి వెనక్కి వచ్చి నిలబడింది. కోడిపుంజు ఒకటి ఆ లైటుని అనుమానంగా చూస్తూ పక్కకి జరిగింది.

వాటి వంతు వచ్చేసరికి మాస్టారు ఆగారు. ఇదేంటమ్మా అన్నారు మైకులోనే. కానుకండి అంది వినీల. ఆయన ఒక్క క్షణం ఆమె ముఖం చూసి, సొరకాయని ఎత్తి చూపించినట్టే లైటుని ఎత్తి అందరికీ చూపించారు. పాట అడిగారు. ఎవరూ నోరు విప్పలేదు. మళ్ళీ అడిగారు. ఇంతసేపూ నవ్వులతో, కేకలతో ఉన్న వాకిలి చప్పబడిపోయింది. ఆ లైటు ఎవరి ముఖం మీద వెలిగిందో, ఏ రోజు వెలిగిందో అక్కడ తెలియనివాళ్ళు లేరు. వినీల వాటిని తీసి ఇంటికి పట్టుకుపోదామా అనుకుంటుండగా ఆడవాళ్ళ వెనక వరసలోంచి ఒక గొంతు వచ్చింది.

"రెండొందలండి."

సంపూర్ణమ్మ. అందరూ తల తిప్పారు. ఆవిడ మనిషి చిక్కింది గానీ, నిలబడడం ఎప్పటిలాగే నిటారుగా ఉంది. పక్కన ఆశాజ్యోతి ఉంది. నీకెందుకమ్మా ఇది అని మాస్టారు అడిగారు. మైకు అడ్డం తీసి, మెల్లిగానే అడిగారు.

"గేదెల పాకలో వెలుతురు చాలట్లేదండి. తెల్లారగట్ల పాలు తీయాలంటే తడుముకుంటన్నాను. స్టాండు కూడా కలిపే కదండీ?"

మొదట వీరమ్మ నవ్వింది. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. మాస్టారు కూడా నవ్వి, కలిపేనమ్మా అన్నారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని ఆయన గడువిచ్చి ఇచ్చి పిలిచినా, ఆ ఒక్క వస్తువు మీద ఎవరూ పాట పెంచలేదు. వినీల లైటుని మాస్టారి దగ్గర్నుంచి తీసుకుని, సంపూర్ణమ్మ చేతికిచ్చి, స్విచ్ ఎక్కడుందో చూపించింది. ఇద్దరి చేతులూ ఆ లైటు మీద కాసేపు అలాగే ఉండిపోయాయి.

ఆ శుక్రవారం పాపాయమ్మ వసారాలో చాప పరిచారు. వినీల ఫోను ఆఫీసు బ్యాగులో, బ్యాగు లోపల గదిలో మేకుకి వేలాడుతోంది. అటు ఎవరూ చూడలేదు. పాట అయింది. పాపాయమ్మ మంచినీళ్ళు తాగి, ఈమధ్య అలవాటైన పద్ధతిలో, రోగులందరి కోసం ప్రార్థిద్దాం అని మొదలుపెట్టబోయింది. గేటు చప్పుడైంది. సంపూర్ణమ్మ మెట్లెక్కి వచ్చి, తన పాత చోట్లో, గోడ పక్కన కూర్చుంది.

"వదినా," అంది. "నాకు పేరు పెట్టి చెయ్యి. అడ్రసు కూడా చెప్పు. మళ్ళీ ఆ రెండో సంపూర్ణమ్మకి పోగలదు."

పాపాయమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, తల మీద ముసుగు సర్దుకుని, తండ్రీ అంది. కళ్ళన్నీ మూతపడ్డాయి. పంటబోదె పక్కన రేకుల ఇల్లు అంటూ ఆ గొంతు లేచింది. సంపూర్ణమ్మ వంతు అయ్యాక, అడగకుండానే తలుపులమ్మ తన సంగతి చెప్పింది. వీరమ్మ మోకాళ్ళ సంగతి చెప్పింది. ఒకరి తర్వాత ఒకరు ఇన్ని శుక్రవారాలుగా దాచుకున్నదంతా ఆ చాప మీద పెట్టారు. కళ్ళు మూసుకునే వింటున్న వినీలకి గుండె పట్టనంత గర్వం కలిగింది. లక్షమంది వింటున్నప్పుడు కూడా తల్లిని చూసి ఆమె ఇంతగా గర్వపడలేదు. ఇంత నమ్మకాన్ని మోయగలిగిన మనిషి కడుపున పుట్టానని ఆమెకి ఆ వేళే తెలిసింది.

పాపాయమ్మ ఏమడిగింది, రాజమండ్రి నుంచి సంపూర్ణమ్మకి ఏ కబురు వచ్చింది, తలుపులమ్మ ఏం చెప్పింది అంటారేమో. నేను చెప్పను. గడ్డ సంగతి అప్పటికే ఊరంతా తెలిసిపోయింది కాబట్టి మీకూ చెప్పాను. ఇది మాత్రం ఆ వసారాలో కూర్చున్నవాళ్ళది. గంట దాటాక ఆమేన్ అన్నారు. ఆడవాళ్ళు లేచి చెప్పులు వేసుకున్నారు. వినీల చాప తీసుకెళ్ళి, మెట్ల దగ్గర నిలబడి, గట్టిగా దులిపి మడతపెట్టింది.